ఆంగ్ల పర్యాయపద యుగ్మములు: అర్థభేద నిర్ణయము

ఉపోద్ఘాతము

బాటసారి చెట్టు నీడను కూర్చుండును. సాయంకాలమున ఆ చెట్టు నీడయే గోడమీదికి ప్రాకును. తెలుగువాడు ఈ రెండు చోట్లను ఒకే మాటను వాడును. సంస్కృతమున ‘ఛాయా’ శబ్దమును ఇట్లే రెండింటికిని చెల్లును. ఆంగ్లమున మాత్రము బాటసారి సేదదీరునది ‘షేడ్’. గోడపై ప్రాకునది ‘షాడో’. సామాన్య వ్యవహారమున ఒకదాని స్థానమున మరియొకటి నిలువదు. ఈ రెండు పదములకును ‘నీడ’, ‘ఛాయ’ అని మాత్రమే అర్థము వ్రాసిన చోట విద్యార్థి రెండును ఒక్కటియే యని తలచును. అట్లు తలచి వ్రాసిన వాక్యమున వ్యాకరణదోషము కనబడదు. అర్థము మాత్రము తప్పును.

ఇట్టి పదముల జంటలు ఆంగ్లమున అసంఖ్యాకములు. వీని భేదమును ఉపాధ్యాయులు సాధారణముగ ఒక్కొక్క జంటకు ఒక్కొక్క సూచనగా చెప్పుదురు. విద్యార్థులు దానిని కంఠస్థము చేయుదురు. ఈ భేదములు యాదృచ్ఛికములు కావనియు, వానికి కారణములు కలవనియు, వానిని నిర్ణయించుటకు కావలసిన ఉపకరణములు ప్రాచ్యవిద్యాభ్యాసము చేసినవారి చేతిలో ముందే ఉన్నవనియు నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. శాసన విషయమున ఈ భేదమును విస్మరించినచో మనుష్యుల హక్కులకే భంగము కలుగునను అంశము చివర పరిశీలింపబడును.

1. పర్యాయత్వ స్వరూపము

ఇంద్రుడు, శక్రుడు, పురందరుడు అను మూడు శబ్దములు ఒకే దేవతను బోధించును. అయినను వాని ప్రవృత్తినిమిత్తములు వేరు. ఐశ్వర్యమును బట్టి ఇంద్రుడు. సామర్థ్యమును బట్టి శక్రుడు. పురములను భేదించుటను బట్టి పురందరుడు. చెప్పబడు వ్యక్తి యొక్కడే. చెప్పు వైపు వేరు. కావున పర్యాయత్వమనగా సంపూర్ణ సమానత్వము కాదని వ్యుత్పత్తి నెరిగినవారందరికిని తెలిసిన విషయమే.

పర్యాయపదములను భావానుసారముగ వర్గములలో కూర్చుటకు అమరకోశము ప్రసిద్ధమైన మేలుబంతి. ఆంగ్లమున ఇట్టి పనిని పీటర్ మార్క్ రోజెట్ 1852లో ప్రకటించిన ‘థెసారస్’ అను గ్రంథమున చేసెను. తనకు తెలిసినంతలో ఇట్టి కూర్పులలో మిక్కిలి ప్రాచీనమైనది అమరకోశమేయని ఆయన తన పీఠికలో పేర్కొని, 1808లో శ్రీరాంపురమున అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదమును ఉదాహరించెను. ఆంగ్ల పర్యాయకోశములలో సుప్రసిద్ధమైన గ్రంథము తనకు పూర్వగామిగా ఒక సంస్కృత కోశమును గుర్తించుట గమనింపదగిన విశేషము.

అయితే కోశము పదముల సామీప్యమును చూపును గాని భేదమును చూపదు. భేదమెట్లేర్పడునో చెప్పినవారిలో ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రేయాల్ ముఖ్యుడు. అర్థవిజ్ఞానమును గూర్చి 1897లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఒక సూత్రమును ప్రతిపాదించెను. ఒకే అర్థము గల రెండు పదములు ఒక భాషలో చేరినపుడు, ఆ భాషీయులు క్రమముగ వానికి అర్థమును పంచి యిత్తురనునదే దాని సారము. దీనిని ‘అర్థవిభాగ సూత్రము’ అనవచ్చును. అన్నదమ్ములు ఆస్తిని పంచుకొన్నట్లు జంటపదములు అర్థక్షేత్రమును పంచుకొనును.

2. యుగ్మముల పుట్టుక

ఆంగ్ల యుగ్మములు ప్రధానముగ మూడు మార్గముల నేర్పడినవి.

మొదటిది, ఒకే పదము యొక్క రెండు రూపములు వేరుపడుట. ‘షేడ్’, ‘షాడో’ అనునవి ఈ కోవకు చెందును. ప్రాచీనాంగ్లమున ఇవి ఒకే నామవాచకము. ప్రథమావిభక్తి రూపము నుండి ‘షేడ్’, ఇతర విభక్తుల రూపము నుండి ‘షాడో’ వచ్చినవి. విభక్తిభేదము నశించిన తరువాత మిగిలిన రెండు రూపములకు భాష రెండు పనులను అప్పగించినది. ఎండ నుండి కాపాడు చోటు మొదటిదానికి, వెలుగును అడ్డగించిన వస్తువు యొక్క ఆకారము రెండవదానికి చెందినవి.

రెండవది, జ్ఞాతిభాషల సంపర్కము. పైమేనున తొడుగు ‘షర్ట్’ ప్రాచీనాంగ్ల పదము. నడుము నుండి క్రిందికి వ్రేలాడు ‘స్కర్ట్’ స్కాండినేవియా నుండి వచ్చి ఇంగ్లండున స్థిరపడినవారి నార్సు భాషా పదము. రెండును ఒకే మూలము నుండి పుట్టినవి. ఒకే దేశమున కలిసిన తరువాత దేహమును పై సగము, క్రింది సగముగా పంచుకొన్నవి.

మూడవది, లాటిను, ఫ్రెంచి పదముల ప్రవేశము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. తరువాత పాలకుల భాష ఫ్రెంచి, ప్రజల భాష ఆంగ్లము అయ్యెను. దొడ్డిలోని జంతువునకు ఆంగ్ల నామము, భోజనపాత్రలోని దాని మాంసమునకు ఫ్రెంచి నామము నిలిచినవి. గొర్రె ‘షీప్’, దాని మాంసము ‘మటన్’. పంది ‘పిగ్’, దాని మాంసము ‘పోర్క్’. వాల్టర్ స్కాట్ ‘ఐవన్హో’ నవలలో ఒక సంభాషణగా దీనిని వర్ణించుటచే ఈ విషయము లోకప్రసిద్ధమైనది. అయితే ఈ విభాగము ఒక్కనాట ఏర్పడలేదు. కొంతకాలము ‘మటన్’ అను పదము ప్రాణముతో నున్న గొర్రెకును వాడబడినది. అర్థవిభాగము నెమ్మదిగా జరుగు పని.

ఒకే లాటిను పదము రెండు మార్గముల వచ్చుటయు కలదు. ‘ఫ్రెయిల్’, ‘ఫ్రాజైల్’ రెండింటికిని మూలమొక్కటియే. మొదటిది ప్రాచీన ఫ్రెంచి జనుల నోట అరిగి వచ్చినది. రెండవది పండితుల ద్వారా మూలరూపమునకు సమీపముగ వచ్చినది. వృద్ధుని దేహము ‘ఫ్రెయిల్’, గాజుపాత్ర ‘ఫ్రాజైల్’. తెలుగున మొదటిదానికి ‘దుర్బలము’, రెండవదానికి ‘పెళుసు’ తగియుండును.

తెలుగు వ్యాకరణము నెరిగినవారికి ఈ స్థితి క్రొత్తది కాదు. తత్సమ తద్భవముల సంబంధము సరిగ ఇట్టిదే. ‘యాత్ర’ సంస్కృతసమము, దాని వికృతి ‘జాతర’. కాశికి పోవుట యాత్ర. గ్రామదేవతకు చేయునది జాతర. ‘భిక్ష’ సన్న్యాసికి గౌరవముతో సమర్పింపబడును. ‘బిచ్చము’ యాచకుని జోలెలో పడును. ‘ఆజ్ఞ’ పైవాడు క్రిందివానికి ఇచ్చునది. ‘ఆన’ ఒట్టు అను అర్థమున స్థిరపడినది. ‘వర్ణము’ రంగును, సామాజిక విభాగమును చెప్పగా ‘వన్నె’ కాంతిని, బంగారపు మేలిమిని చెప్పును. ‘రథ్య’ యనగా వీధి. దాని వికృతియగు ‘రచ్చ’ జనులు కూడు చోటై, నేడు వ్యవహారమున గొడవ యను అర్థమును కూడ పొందినది. తత్సమ తద్భవముల భేదమును రూపభేదముగ మాత్రమే బోధించుట వలన ఈ అర్థవిభాగము పెక్కుసార్లు మరుగున పడుచున్నది. దానిని ముందుగ చూపినచో ‘ఫ్రెయిల్’, ‘ఫ్రాజైల్’ భేదము విద్యార్థికి తన యింటి విషయమువలె బోధపడును.

పుట్టుకను తెలిసికొన్నంత మాత్రమున ప్రయోగము నిర్ణయము కాదు. భారతదేశమున నేడు ‘మటన్’ అనగా ఎక్కువగ మేకమాంసమే. ‘షీప్’తో ఆ పదమునకు గల చారిత్రక సంబంధము ఇచ్చటి వాడుకను నిర్ణయింపజాలదు. కావున వ్యుత్పత్తి భేదమునకు కారణమును చెప్పును. భేదమును నిర్ణయించునది ప్రయోగమే.

3. నిర్ణాయక హేతువులు

నానార్థక శబ్దమునకు ఒకానొక చోట ఏ యర్థము గ్రాహ్యమో తెలిసికొనుటకు భర్తృహరి వాక్యపదీయము రెండవ కాండమున కొన్ని హేతువులను చెప్పెను. మమ్మటుడు కావ్యప్రకాశమున వానిని గ్రహించెను. అందు సాహచర్యము, విరోధము, ప్రకరణము, ఔచిత్యము అనునవి ప్రస్తుతోపయోగులు. భర్తృహరి సమస్య ఒక శబ్దము, అనేకార్థములు. ప్రస్తుత సమస్య అనేక శబ్దములు, ఒకేయర్థమను భ్రాంతి. సమస్య తలక్రిందులైనను హేతువులు పనిచేయును.

సాహచర్యము: లక్ష్మణునితో కలిసి చెప్పబడిన రాముడు దాశరథియేయని నిర్ణయింతుము. పదము తన తోడివారిని బట్టి తెలియబడును. ‘టాల్’, ‘హై’ అను జంటను పరిశీలింపవచ్చును. ‘టాల్’ మనుష్యునితో, వృక్షముతో చేరును. ‘హై’ కొండతో, ధరతో, స్వరముతో చేరును. తెలుగునను పొడుగు మనిషి, ఎత్తైన కొండ యని భేదము కలదు. అయితే తెలుగు ‘పొడుగు’ త్రాటికిని చెల్లును. ఆంగ్లమున త్రాటికి ‘లాంగ్’ అను మూడవ పదము కావలెను. రెండు భాషలును క్షేత్రమును పంచినవే. గట్లు వేసిన చోట్లు మాత్రము వేరు. పొడుగరిని ‘లాంగ్ మ్యాన్’ అని విద్యార్థి వ్రాయుటకు ఇదియే కారణము.

క్రియాపదముల విషయమున సాహచర్యము కారక రూపమున కనబడును. ‘స్టీల్’, ‘రాబ్’ అను రెండు క్రియలకును ‘దొంగిలించుట’ అనియే సామాన్యముగ అర్థము చెప్పుదురు. ‘స్టీల్’ క్రియకు కర్మ అపహరింపబడిన ధనము. ‘రాబ్’ క్రియకు కర్మ ధనమును పోగొట్టుకొన్న మనుష్యుడు, లేదా దోపిడికి గురియైన స్థలము. కావున ఆంగ్లమున బ్యాంకును ‘రాబ్’ చేయుదురు; బ్యాంకులోని సొమ్మును ‘స్టీల్’ చేయుదురు. పాణినీయమున ‘ముష్’ ధాతువు ద్వికర్మకములలో నొకటి. దేవదత్తుడును, వాని నుండి హరింపబడిన నూరును, రెండును ఆ ధాతువునకు కర్మలగును. సంస్కృతము ఒకే ధాతువునకు ఇచ్చిన రెండు కర్మలను ఆంగ్లము రెండు క్రియలకు పంచినది. ద్వికర్మకములను చదివిన విద్యార్థికి ఈ జంటను ఇంతకంటె సులభముగ బోధించు మార్గము లేదు.

విరోధము: పదమునకు వ్యతిరేకార్థకమును వెదకినచో దాని స్వరూపము తెలియును. ‘అనింటరెస్టెడ్’, ‘డిసింటరెస్టెడ్’ అను జంట దీనికి నిదర్శనము. మొదటిదానికి వ్యతిరేకము ఆసక్తి గలవాడు. రెండవదానికి వ్యతిరేకము స్వప్రయోజనము గలవాడు. న్యాయమూర్తి ‘డిసింటరెస్టెడ్’గా నుండవలెను, ‘అనింటరెస్టెడ్’గా నుండరాదు. తగవు తీర్చువానికి ఫలమునందు లోభముండరాదు గాని వినుటయందు శ్రద్ధ యుండితీరవలెను. అయితే చదువుకొన్న ఆంగ్లేయులే రెండవ పదమును మొదటిదాని యర్థమున వాడుట కలదు. ఆ వాడుకయు క్రొత్తది కాదు. తెలుగున ‘ఉదాసీనుడు’ అను పదము ఇట్టి గతినే పొందినది. అర్థశాస్త్రమునను, గీతయందును ఆ పదము పక్షపాతము లేని తటస్థుని చెప్పును. నేటి తెలుగున ‘అధికారుల ఉదాసీనత’ యనగా నిర్లక్ష్యము. నిష్పక్షపాతమును చెప్పిన మాట నిర్లక్ష్యమునకు జారుట రెండు భాషలలోను కనబడుచున్నది.

ఔచిత్యము: వక్త, శ్రోత, సందర్భముల తగినతనము. ‘ఆస్క్’, ‘క్వెశ్చన్’, ‘ఇంటరాగేట్’ అను మూడును అడుగుటనే చెప్పును. మొదటిది ఆంగ్లమునకు సహజము, తక్కినవి ఫ్రెంచి లాటినుల నుండి వచ్చినవి. పిల్లవాడు తల్లిని అడుగుట మొదటిది. ప్రతిపక్షము మంత్రిని నిలదీయుట రెండవది. పోలీసులు నిందితుని విచారించుట మూడవది. తెలుగున ‘అడుగు’, ‘ప్రశ్నించు’, ‘విచారించు’ అను క్రమము దీనికి సరిపోవును. పండితభాష నుండి వచ్చిన పదము అధికారమును ధరించుట రెండు భాషలకును సమానధర్మము.

ప్రకరణము: భోజన సమయమున ‘సైంధవము’ అనినచో ఉప్పు, ప్రయాణ సమయమున గుఱ్ఱము. ఇట్లే కొన్ని జంటల భేదము లోకవ్యవహారమున శిథిలమైనను, శాస్త్రప్రకరణమున కఠినమగును. శాసనము అట్టి ప్రకరణము. దానిని ప్రత్యేకముగ పరిశీలింపవలసియున్నది.

4. శాసన ప్రకరణమున యుగ్మములు

లోకమున ‘పర్సన్’, ‘సిటిజన్’ అను పదములు పెక్కు సందర్భములలో మారుపడినను నష్టము లేదు. భారత రాజ్యాంగమున అట్లు కాదు. చట్టము ముందు సమానత్వమును చెప్పు 14వ అధికరణము, ప్రాణమునకును వ్యక్తిస్వేచ్ఛకును రక్షణ నిచ్చు 21వ అధికరణము ‘పర్సన్’ అను పదమును వాడినవి. ప్రభుత్వోద్యోగములలో సమానావకాశమును చెప్పు 16వ అధికరణము, వాక్స్వాతంత్ర్యాదులను చెప్పు 19వ అధికరణము ‘సిటిజన్’ అను పదమును వాడినవి. మొదటి వర్గమునకు చెందిన రక్షణ ఈ నేలపై నున్న ప్రతి మనుష్యునిది. రెండవ వర్గమునకు చెందిన హక్కు ఈ దేశ పౌరునిది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల విషయమున సుప్రీంకోర్టు ఈ భేదమును ఆధారముగ గ్రహించినది. పౌరుడైనను కాకున్నను ప్రతి వ్యక్తి ప్రాణమును రక్షించుట రాజ్యము యొక్క విధి యని ప్రకటించినది.

ఒక అనువాదకుడు శైలీసౌలభ్యము కొరకు రెండు చోట్లను ‘పౌరుడు’ అని వ్రాసినాడనుకొన్నచో, తెలుగు పాఠము నందు శరణార్థికి ప్రాణరక్షణ హక్కు లేకుండ పోవును. రెండు చోట్లను ‘వ్యక్తి’ యని వ్రాసినచో పౌరునికే పరిమితమైన హక్కు అందరిదగును. కావ్యమున పర్యాయపదము పునరుక్తిని వారించు గుణము. శాసనమున అదియే దోషము.

‘మర్డర్’, ‘కల్పబుల్ హోమిసైడ్’ అను జంట ఇంతకంటె సూక్ష్మమైనది. వార్తలలో రెండింటికిని ‘హత్య’ యను పదము చెల్లుచుండును. 1860 నాటి భారత శిక్షాస్మృతి వీనిని 299, 300 సెక్షన్లలో వేరువేరుగ నిర్వచించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 100, 101 సెక్షన్లలో ఆ భేదమును నిలుపుకొన్నది. 1976లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అప్పీలు చేసిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ రెండింటి సంబంధమును వివరించినది. రెండవది సామాన్యము, మొదటిది దానిలోని విశేషము. ప్రతి ‘మర్డరు’ను ‘కల్పబుల్ హోమిసైడ్’ అగును గాని ప్రతి ‘కల్పబుల్ హోమిసైడు’ను ‘మర్డర్’ కాదు. తర్కశాస్త్ర పరిభాషలో చెప్పినచో మొదటిది వ్యాప్యము, రెండవది వ్యాపకము. ధూమమున్నచోట వహ్ని యుండును. వహ్ని యున్నచోటనెల్ల ధూముండదు.

ఆ తీర్పున మరియొక జంటయు చర్చింపబడినది. కలిగించిన గాయము మరణమును కలిగించుటకు ‘లైక్లీ’ యగునా, లేక సహజ పరిణామమున మరణమునకు ‘సఫిషియంట్’ అగునా యనునది విచార్యాంశము. మొదటిది మరణము సంభావ్యమని చెప్పును. రెండవది మరణమే అత్యంత సంభావ్య పరిణామమని చెప్పును. ‘మర్డరు’నకు మరణశిక్షయైనను యావజ్జీవ కారాగారమైనను విధింపవచ్చును. ‘మర్డరు’ స్థాయికి చేరని నరవధకు మరణశిక్ష లేదు. రెండు విశేషణముల నడుమ గల అర్థభేదముపై ఒక మనుష్యుని ప్రాణము ఆధారపడి యుండుట ఇచ్చట చూడవచ్చును.

5. బోధనకు అన్వయము

పై చర్చ నుండి బోధనకు ఉపకరించు కొన్ని అంశములు తేలుచున్నవి.

యుగ్మమును బోధించునపుడు రెండు పదములకును ఒకే తెలుగు పదము నీయరాదు. ‘షేడ్’ అనగా ఎండకు మరుగు. ‘షాడో’ అనగా వెలుగును అడ్డగించిన వస్తువు యొక్క ఆకృతి. ఇట్లు ఒక పదమునకు బదులు ఒక చిన్న వాక్యముతో అర్థమును చెప్పినచో భేదము నిలుచును.

ఒకే వాక్యమున రెండు పదములను మార్చి మార్చి ఉంచి పరీక్షింపవలెను. ‘కంటిన్యువస్’, ‘కంటిన్యువల్’ అను జంటకు వాన తగిన ఉదాహరణము. ధార తెగక మూడు గంటలు కురిసినది మొదటిది. వెలిసి వెలిసి మరల మరల దినమంతయు కురిసినది రెండవది. పాణిని ‘ఆభీక్ష్ణ్యము’ అని పేర్కొన్న పౌనఃపున్యము రెండవదానికి సమీపమైనది. ఈ భేదమును శైలిగ్రంథములు పాటింపుమని చెప్పినను నిత్యవ్యవహారము అంతగా పాటింపదు. ఈ సంగతిని కూడ విద్యార్థికి చెప్పుట న్యాయము. స్థిరపడిన భేదమును, సడలుచున్న భేదమును ఒకే నియమముగ బోధించినచో విద్యార్థి సజీవ ప్రయోగమును చదువునపుడు కలవరపడును.

తెలుగున నడుచుచున్న అర్థవిభాగమును పోల్చి చూపవలెను. ‘హిస్టారికల్’ అనగా చరిత్రకు సంబంధించినది; ‘హిస్టారిక్’ అనగా చరిత్రలో నిలువదగినది. నేటి తెలుగు రచనలలో ‘చారిత్రక నవల’, ‘చరిత్రాత్మక నిర్ణయము’ అను ప్రయోగములు ఇట్టి భేదము వైపే నడుచుచున్నవి. రెండు పదములును చరిత్రశబ్దము నుండియే పుట్టినను, వాడుక వానికి రెండు పనులను అప్పగించుచున్నది. బ్రేయాల్ చెప్పిన సూత్రము తెలుగు పాఠకుల కన్నుల యెదుట పనిచేయుచున్న తావు ఇది.

ఉపసంహారము

ఆంగ్ల పర్యాయ యుగ్మముల భేదము చరిత్ర వలన పుట్టి, సాహచర్య విరోధ ప్రకరణ ఔచిత్యముల వలన నిర్ణీతమగును. ఈ నాలుగింటిని శాస్త్రముగ అభ్యసించిన ప్రాచ్యకళాశాలా విద్యార్థి ఆంగ్లము నెదుట తాను రిక్తహస్తుడనని భావింప నవసరము లేదు. తత్సమ తద్భవములు, ద్వికర్మక ధాతువులు, వ్యాప్యవ్యాపక భావము అతడు ఆంగ్ల తరగతికి వెలుపల విడిచి రావలసినవి కావు, లోనికి తెచ్చుకొనవలసినవి.

నిఘంటువులో ఒకే వరుసలో నిలిచిన రెండు పదములు న్యాయస్థానమున రెండు పక్షములుగ నిలుచును. ‘వ్యక్తి’ యని వ్రాయవలసిన చోట ‘పౌరుడు’ అని వ్రాసిన చేయి, ఎవని రక్షణను తొలగించినదో తాను ఎరుగకయే తొలగించును. అనువాదకునికి, అతనికి భాష నేర్పిన ఉపాధ్యాయునికి పదభేద వివేకము అలంకారము కాదు. అది వారి ధర్మము.